చూద్దాంలే

గ్రిమ్స్‌బీ చేపల రేవులో
ఐసు గిడ్డంగి మీద అద్దె గది.
ఒక బల్ల, రెండు ఫోన్లు, గాలికి కొట్టుకునే కిటికీ.
నీలవేణి అంటే నోరు తిరగదని
బోర్డు మీద 'నీల' అని రాయించాను.
మొదటి ఏడాదంతా జనం
నీల్ అనే మగమనిషి కోసం ఫోను చేశారు.
"బయటికెళ్ళాడండీ, నేనొచ్చి చూస్తాను" అని
నా బదులు నేనే వెళ్ళేదాన్ని.

కంపెనీ అంటే అప్పట్లో
తలుపు సరిగా పడని వ్యాను, అందులో కేబుళ్ళ చిక్కుముడి,
ఇంకా ఒక్క నియమం.
మూడో రింగు లోపల ఫోనెత్తాలి,
ఎత్తాక ముందు వినాలి.
"ఆపేసి మళ్ళీ ఆన్ చేశారా" అన్న మాట
నాలుక చివరిదాకా వచ్చినా మింగాలి.
ప్రింటరు పనిచేయట్లేదన్న గొంతులో
చాలాసార్లు ప్రింటరు ఉండదు.
గేటు బయట లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంటుంది,
పెట్టెల కింద నీళ్ళు కారుతుంటాయి,
సంతకం పెట్టాల్సిన కాగితం
తెర మీదే ఇరుక్కుని ఉంటుంది.

మేం అమ్మే సరుకు వింతది:
ఏమీ జరగకపోవడం.
దానికి నెలనెలా బిల్లు పంపుతాను.
చేపలకు పొగబెట్టే కోల్‌బెక్ గారు
ప్రతి నెలా అదే అడిగేవాడు, "ఈ నెల ఏం చేశారమ్మా?"
"ఏమైనా జరిగిందా?"
"లేదు."
"అదే చేశాం."
నవ్వి, చెక్కు రాసి,
కాగితంలో చుట్టిన రెండు హడాక్ ముక్కలు చేతిలో పెట్టేవాడు.

ఫిబ్రవరి. గురువారం తెల్లవారుజాము మూడూ నలభై.
కోల్‌బెక్ కంప్యూటర్లన్నీ తాళం పడి
తెర మీద ఎవడిదో డబ్బు గొడవ.
ఫరవాలేదు, బ్యాకప్ ఉందిగా అన్నాను.
ఉంది.
పదకొండు రోజులుగా వరసగా పచ్చటి టిక్కులు,
వాటి వెనక ఖాళీ.

సోమవారమే యోవిత చెప్పింది,
చేరి నాలుగు నెలలు కాని పిల్ల,
"ఫైలు సైజు మరీ చిన్నగా ఉంది, ఒకసారి చూస్తారా?"
కొత్త కాంట్రాక్టు తొందరలో ఉన్నాను.
చూద్దాంలే అన్నాను, తెలుగులోనే,
తల కూడా ఎత్తకుండా.

క్షమించమన్న మాట మాత్రం వాడొద్దని
ఇన్సూరెన్సువాడు ఫోనులో రెండుసార్లు చెప్పాడు.
పొగగదిలో గోడలన్నీ తారు కట్టిన మసి,
కడ్డీలకు వరసగా చేపలు.
నిప్పు లేనిదే పొగ రాదు.
"నిప్పు నాదే" అన్నాను ఆయనతో,
"సోమవారమే తెలిసింది. నేనే పక్కన పెట్టాను. క్షమించండి."
ఆయన ఏమీ అనలేదు.
ఒక కడ్డీ తిప్పాడు. ఇంకో కడ్డీ తిప్పాడు.
తర్వాత పై అరలోంచి అట్టపెట్టె దింపాడు:
పదకొండు రోజుల చీటీలు,
పెన్సిలు రాత, చేప జిడ్డు.

నాలుగు రోజులు కూర్చున్నాం,
నేను, యోవిత, కైల్.
హడాక్ నలభై కిలోలు. కాడ్ పదహారు.
ఇది ఒకటా, ఏడా?
కోల్‌బెక్ గారి భార్య టీ తెచ్చినప్పుడు
నా కప్పు మాత్రం కాస్త దూరంగా పెట్టింది.
ఆ కోటు ఎన్నిసార్లు ఉతికించానో,
వాన తగిలితే ఇప్పటికీ పొగ వాసన.

వసంతంలో ఒప్పందం ముగియగానే
ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.
ఉత్తరం మర్యాదగానే రాశాడు.
నేనైనా వెళ్ళేదాన్నే.

ఇప్పుడు పంతొమ్మిది మందిమి. కిటికీ బాగుచేయించాం.
టిక్కుల్ని ఎవరూ నమ్మరు.
సోమవారం సోమవారం
ఒక కస్టమరు పేరు చీటీ తీసి
వాళ్ళ ఫైలు ఒకటి బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి,
తెరిచి, చదివి చూస్తాం.
యోవిత జాబితా ఇది. నేనూ ఆమె కిందే.

మొన్న సోమవారం, మధ్యాహ్నం రెండు,
బ్యాంకువాళ్ళతో మీటింగు, చేతిలో కారు తాళాలు.
నా చీటీ ఇంకా మడత విప్పలేదు.
తలుపు దాకా వెళ్ళాను.
క్లీథోర్ప్స్ దాటి బతకని కైల్,
తెర మీంచి కళ్ళు తిప్పకుండా,
తనకు తెలిసిన ఒకే ఒక్క తెలుగు మాట అన్నాడు,
ద ఒత్తు మింగేసి:
"చూదాంలే?"

తాళాలు బల్ల మీద పెట్టి
కుర్చీ లాక్కున్నాను.