ముట్టుకోవచ్చు

మంగళవారం మ్యూజియం
అట్టపెట్టెలో కూర్చుని
గ్రిమ్స్‌బీ రేవు వెనక, లాండ్రీ పక్క హాలుకొచ్చింది.

"ముట్టుకోవచ్చు" అంది బ్రోనా,
ఎముకతో చేసిన వలసూది నా చేతికిస్తూ.
ఎవరెవరి వేళ్లకో, నడుమ నున్నగా అరిగింది.

మూడు వారాలుగా మా కాలెబ్
తలుపులు ధడేల్మనిపించడమే తప్ప
నాతో మాట్లాడింది లేదు.
ఇవాళ పసుపు ఊలుకి ముడేస్తూ
"అమ్మా, ఈ కొస పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను.
కరెంటు బిల్లూ కోర్టు ఉత్తరమూ
బ్యాగులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు.

వల వంకర.
కన్నులు మరీ పెద్దవి.
ఇందులో ఏ చేపా ఆగదన్నాను.
"ఆగక్కర్లేదులే" అన్నాడు వాడు,
ఇంకో ముడి బిగిస్తూ.

హాలు మూసే వేళకి
ఇద్దరి బొటనవేళ్లూ ఎర్రగా కందాయి.