పదకొండో పేజీ

స్కాట్లండ్ పడమటి అంచున ఆ దీవిలో చెట్లు లేవు.
గాలికి నిలబడేవి రెండే:
రాతిగోడలూ, ఎఫీ మెకాస్కిల్ మాటలూ.

ఎఫీ ఉత్తరం మార్చిలో వచ్చింది,
చేపల బిల్లు వెనకవైపు రాసి.
"పక్షుల్ని కాపాడే సంఘమే
రాత్రిళ్ళు టార్చిలైట్లు పట్టుకుని
ముళ్ళబంతుల్ని వేటాడటమేమిటి?
పెట్టెలో పెట్టి తెచ్చింది మనిషి.
శిక్ష, పెట్టెలో వచ్చినవాటికా?"

మనం ఏదుపంది అంటామే, అది కాదు.
రెండు అరచేతుల్లో ఒదిగే హెడ్జ్‌హాగ్.
కూరమడిలో నత్తల్ని తింటుందని ఎవరో తెచ్చారు.
నత్తలయ్యాక
తీతువు గుడ్ల రుచి మరిగింది.

షోనక్ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది.
సంఘం పత్రికకి పంతొమ్మిదేళ్ళుగా ఆమే సంపాదకురాలు,
ప్రూఫులు దిద్దేదీ, తపాలా బిళ్ళలంటించేదీ ఆమే.
చంపాలన్న తీర్మానానికి
చెయ్యెత్తినవాళ్ళలోనూ ఉంది.
ఆ చెయ్యి కోటు జేబులో
చాలాసేపు వెచ్చబడలేదు.

కోశాధికారి టార్కిల్ ఫోన్ చేశాడు.
"ఇంటి గొడవ వీధిలో పెట్టుకుంటామా?
ఎడిన్‌బరోలో విరాళమిచ్చే పెద్దమనిషి
ముందు ఫొటోలు చూస్తాడు, ఆనక ఉత్తరాలు చదువుతాడు.
వచ్చే సంచికలో వేద్దాంలే."

వచ్చే సంచిక అంటే ఆగస్టు.
అప్పటికి టార్చిలైట్లు ఆరిపోయి ఉంటాయి.
చల్లారిన టీ లాంటి అభిప్రాయం,
తాగొచ్చు, ఎవరూ వద్దనరు.

"పత్రిక సంఘానిదే టార్కిల్.
పదకొండో పేజీ మాత్రం చదివేవాళ్ళది"
అని ఫోన్ పెట్టేసి
ఎఫీ ఉత్తరంలో ఒక కామా సరిచేసింది.
'వందలకొద్దీ చంపారు' అన్నచోట ఆగి
లెక్కల పుస్తకం తీసి
'ఎనభై ఏడు' అని మార్చింది,
ఎఫీని అడగకుండానే.

కింద, తన జవాబుకి చోటు మిగిలింది.
పగిలిన గుడ్ల లెక్కంతా కంఠతా వచ్చు.
ఆఖరి మాట తమదే కావాలనుకోవడం
సంపాదకులకుండే పాత జబ్బు.
ఆ చోట్లో ఫెర్రీ వేళలు వేసింది.

ఏప్రిల్‌లో పత్రిక ఆరువందల గుమ్మాలకి వెళ్ళింది.
పదమూడుమంది చందా మానేశారు.
పెద్దమనిషి ఏమీ అనలేదు.
అసలు చదివాడో లేదో తెలియకపోవడమే
టార్కిల్‌ని ఎక్కువ బాధపెట్టింది.

ఎఫీ మాత్రం రేవు దగ్గర దుకాణంలో నిలదీసింది,
బంగాళాదుంపల సంచి కింద పెట్టి.
"నా వందల్ని ఎనభై ఏడు చెయ్యమని
నీకెవరు చెప్పారు?
నేను లెక్క రాయలేదు, ఏడుపు రాశాను."

షోనక్ దగ్గర జవాబు లేదు.
సంచికి రెండో చెవి పట్టుకుంది.
గడ్డిమైదానం మీదుగా ఇద్దరూ మోశారు,
మాట్లాడుకోకుండా,
అడుగూ అడుగూ కలవకుండా.

ఎదురుగా తీతువు లేచి అరిచింది.
మా ఊళ్ళో ఆ కూత కీడంటారు.
అక్కడ దానర్థం ఒక్కటే:
గూడు ఇక్కడే ఎక్కడో ఉంది,
చూసి అడుగెయ్యండి.

ఎఫీయే ముందు ఆగింది.