సగం మట్టి

నర్సాపురం రేవులో పంటు ఇంకా కట్టేసే ఉంది.
ఫోనులో గుడ్డు పగిలి
టికెట్ల గది నెత్తిన
ఈ వారపు పెద్దది దిగింది.
ఆటలో దానికున్న పేరు మాకు నోరు తిరగదు.
మేం ఎర్రనీరు అంటాం,
వానలు పడ్డాక వశిష్ఠలోకి వచ్చే రంగే దాని ఒంటిది.
నలభై అయిదు నిమిషాలుంటుంది.
ఒక్కడి వల్ల కాదు.

టికెట్లు కోసే ఏసుపాదం,
లేసు మూట మీద కూచున్న మంగతాయారు గారు,
ఐసు బండి మీరావలీ,
పదో తరగతి దీవెన, యూనిఫారంలోనే.
అయిదోవాణ్ణి నేను.

చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేస్తాను.
నా పిడుగుపిల్లి
మొగల్తూరులో ఓ ట్రాన్స్‌ఫార్మర్ కింద దొరికింది.
రెండేళ్లు మేపాను. వచ్చిన మిఠాయంతా దానికే.
రాత్రి మోటార్లు నీళ్లు చిలుకుతుంటే
దాన్ని నడిపించాలని
గట్టు మీద నాలుగు చుట్లు ఎక్కువ తిరిగేవాణ్ణి.
నీళ్ల మీదకి కరెంటు దించాలి,
ఇందులో ఆలోచించేదేముంది?
పిల్లిని ముందు నిలబెట్టాను.

"అన్నా, దాన్ని తియ్యి" అంది దీవెన
నా ఫోనులోకి తొంగిచూసి.
"అది ఒట్టి నీళ్లు కాదు. సగం మట్టి.
మట్టికి షాకు కొట్టదు."

పదిహేనేళ్లుగా ప్రతి మోటారు పక్కనా
గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి
రాగితీగ పాతిపెడుతున్నవాణ్ణి.
ఎర్తింగు గురించి నాకు చెబుతోంది
జడ రిబ్బను ఊడిపోయిన పిల్ల!

"మరేం పెట్టమంటావు?"
"గడ్డి."
"గడ్డా?"
"నీళ్లకీ అదే విరుగుడు, మట్టికీ అదే.
రెండింతలు తగుల్తుంది."

మంగతాయారు గారు అప్పటికే ఆరింటినీ పేర్చుకుని
కళ్లజోడు తుడుచుకుంటున్నారు.
ఏ కన్నంలోంచి ఏ దారం పోవాలో
ఆవిడకి సూది ఎత్తకముందే తెలుసు.
మీరావలీ మాత్రం మంచు ఎలుగునే తెస్తానన్నాడు,
"మన యాపారం అదే కదండీ" అని.
"పర్లేదులే, అటూ ఇటూ కాదు" అంది దీవెన.

నా సంచీ అంతా వెతికితే గడ్డివి మూడే.
అందులో ఒకటి బొటనవేలంత,
గరిక కుచ్చులా ఉంటుంది,
చోటు చాలడం లేదని
పారేసేవాటి వరసలో పెట్టుకున్నది.
బలం చూస్తే పిల్లిలో అయిదో వంతు లేదు.
అయినా చేర్చాను.
మనసొప్పక, దాని ముందు పిల్లినీ ఉంచాను,
దీవెన చూడకుండా.

పంటు కదిలింది. అదే చిక్కు.
రేవుకి దూరమైతే ఆట మమ్మల్ని వదిలేస్తుంది.
"బాబ్బాబు, నిదానం" అన్నాడు ఏసుపాదం సరంగుతో.
సరంగు వినపడనట్టు ముక్కు చీదాడు.
మోటారుసైకిళ్ల సందున, ఓ గేదె తోక దెబ్బలు తింటూ
అయిదు బొటనవేళ్లు టకటకలాడాయి.

మొదటి రెండూ బాగానే కొరికి పడిపోయాయి.
మూడోది పిల్లి.
ఎంత మెరిసిందో! తెర తెల్లబడిపోయింది.
ఎర్రనీరు ప్రాణం గీత వెంట్రుకవాసి కదల్లేదు.
ఒక్క తన్ను.
నా రెండేళ్లూ వెల్లకిలా పడ్డాయి.

తర్వాత గరిక.
ఊగింది. పాకింది.
పాకిన ప్రతిసారీ గీత
కోసిన జున్నుముక్కలా జారింది.
"చెప్పానా!" అంటోంది పక్కన గొంతు.
ఏడు సెకన్లుండగా పెద్దది కూలింది.

పట్టుకోవడం మళ్లీ వేరే యుద్ధం.
దీవెనకి చిక్కింది.
నా ఉచ్చులు ఆరూ ఖాళీగా తిరిగొచ్చాయి,
అప్పటికి నది సగం దాటేశాం,
సిగ్నలూ లేదు.

సఖినేటిపల్లిలో దిగి
అంతర్వేది దారిలో చెరువుకెళ్లాను.
మోటారు కాలిపోలేదు, వైరు వదులైంది, అంతే.
ఆసామి వీపున పంపు తగిలించుకుని
గట్టు మీద గడ్డికి మందు కొడుతున్నాడు.
పోయినేడు గండి పడిన మూలదాకా వచ్చాడు.

"అక్కడ వదిలెయ్యండి" అన్నాను.
"ఏం?"

ఏమని చెప్పను?
చేతిలో ఫోను. దాన్లో
మూర్ఛపోయిన పిల్లి ఒకటి,
ఇంకా పేరు పెట్టని గరికపోచ ఒకటి.

"మట్టండి" అన్నాను. "సగం మట్టి కదండీ."
ఆయన నన్ను వింతగా చూసి
పంపు పిడి మీంచి చెయ్యి తీశాడు.