ఏడో వరస

రేకుల మీద నడిచేటప్పుడు
బోల్టుల వరస మీదే అడుగెయ్యాలి,
లేకుంటే నేరుగా లేతు మిషన్ల మధ్యకే సార్
అన్నాడు గంగులప్ప.

పీణ్య రెండో ఫేజు. మూడొందల ఇరవై పలకలు.
కాగితం మీద నూరు, మీటరులో డెబ్బై ఒకటి.
ఆ తప్పిపోయిన ఇరవై తొమ్మిదినీ వెతకడానికే
నాకు రోజుకింతని కూలి.

కొంత పక్క ఫౌండ్రీ మసి తినేసింది.
కొంత పావురాలు.
కొంత ఎండే తినేసింది:
వేడెక్కితే పలకకీ జ్వరమే,
వెలుగు సయించదు.

ఏడో వరస మాత్రం
రోజూ మూడింటికి కుంగుతోంది.
వెళ్లి చూస్తే
నీళ్ల ట్యాంకు కాదు, సెల్ టవరు కాదు,
తీగ మీద ఆరేసిన నీలం యూనిఫారం,
చేతులు చాచుకుని.
జేబంత నీడకి
వరసంతా మూగనోము పట్టింది.

"రెండో జత లేదు సార్,
రాత్రి షిఫ్టుకి ఆరాల."

తీగని ఉత్తరానికి జరిపాం, ఇద్దరం.

దిగొస్తుంటే ప్యాకింగు బల్ల దగ్గర రేణుకమ్మ:
పైన అవి పరిచినాక
మధ్యాహ్నం నెత్తి మాడ్డం లేదు,
తీసెయ్యరు గదా?

డెబ్బై ఒకటి కొట్టేసి డెబ్బై రెండు రాశాను.
రేణుకమ్మ నెత్తి
ఏ గడిలోనూ పట్టలేదు.
అంచున రాసుకున్నాను,
పెన్సిలుతో.