గోడకు మూడడుగుల దూరం

తలుపుల్లాంటి రెండు పలకలు,
వెనక ఏ గదీ లేదు.
వీబె వాటిని గోడకు ఆననివ్వడు.
వెనక్కి కూడా పాడతాయట,
ఆ వెనకపాట గోడను తాకి
ఆలస్యంగా వచ్చి
ముందుపాటను మింగేస్తుందట.

ఖ్రోనింగెన్‌లో మా ఇల్లే ఒక సందు.
నేలంతా నీలం టేపు గీతలు:
నిన్నటివి, మొన్నటివి, మంచు పడ్డ రోజువి.
"వేలెడు లోపలికి తిప్పాను. ఇప్పుడు?"
సెల్లో సోఫా మీంచి లేచి
కిటికీ దగ్గర కూర్చుంది.
"ఇంకొంచెం" అన్నాను, ఊరికే.

చివరికి కుదిరిన చోటు
వంటింటి గుమ్మానికి అడ్డం.
బఠాణీ సూప్ గిన్నెతో
పక్కకి తిరిగి దూరుతున్నాను,
పలకకి ఆవిరి తగలకుండా
ఊపిరి బిగబట్టి.

అప్పుడు వినిపించింది:
కమాను ఆనించే ముందు
అవతల ఎవరో
పీల్చిన గాలి.