నక్షత్రం పెట్టిన గీత

ఆదోని పాత బస్టాండు వెనక, మెట్ల కింద
ఖాజా మొహిద్దీన్ సార్ కంప్యూటర్ సెంటర్.
గోడ మీద భాషలన్నీ
హోటల్లో టిఫిన్ల పట్టీ మాదిరి రాసుంటాయి:
జావా ఆరువేలు, పైథాన్ ఏడువేలు,
సి కావాలంటే మూడున్నర, దాంతో టైపింగ్ ఉచితం.

"ఏం నేర్చుకుంటావు బేటీ?"

బళ్లారిలో మా చిన్నమ్మ కొడుకు గాదిలింగ
జావా అన్నాడు, అన్నం పెట్టేది అదేనన్నాడు.
నాతో డిగ్రీ చదివిన షాహీదా పైథాన్ అనింది.
కొండచిలువ పేరు పెట్టినారు గానీ
పిల్లి మాదిరి ఒళ్లో కూర్చుంటుందే, భయపడొద్దనింది.
సార్ మాత్రం
ఏది నేర్చుకున్నా ఫీజు ముందే కట్టమన్నాడు.

నేను లెక్కేసుకున్నా.
ఇంట్లో తెలుగు.
అవ్వతో కన్నడం, ఆమె తిట్లు ఆ భాషలోనే తియ్యగుంటాయి.
వీధిలో ఉర్దూ,
కొళాయి కాడ జగడానికి దాన్ని మించింది లేదు.
వీటిలో ఏదీ నేను ఏరుకున్నది కాదు.
అవతలి మనిషి మాట్లాడినాడు, నేను బదులిచ్చినా.
మరి ఇప్పుడు
రోజూ నాతో మాట్లాడుతున్నది ఎవరు?

జిన్నింగ్ మిల్లు కాటా గదిలో నా కుర్చీ.
పొద్దున ఆరింటి నుంచే పత్తి ట్రాక్టర్లు.
నీలం తెర మీద
నిండు బండి, ఖాళీ బండి, నికరం.
నేను పేరు కొడతా, అది చీటీ కక్కుతుంది.
నేను పుట్టకముందు రాసిన ప్రోగ్రాం.
ఫాక్స్‌ప్రో.

మా నాయన ఇదే మిల్లులో
ఇరవై రెండేండ్లు బోరాలు మోసినాడు.
"చీటీ ఒకటి చెప్తాది పాపా,
నా భుజం ఒకటి చెప్తాది" అనేటోడు.
భుజానికి ప్రింటరు లేదు.
ఎవరు నమ్మాల?

"ఫాక్స్‌ప్రో నేర్పండి సార్" అన్నా.
చాయ్ గ్లాసు కింద పెట్టినాడు.
"అది చచ్చిపోయిన భాష. పేరులోనే నక్క ఉంది, చూసుకో."
"చచ్చిపోతే మా మిల్లులో
రోజూ ఎట్ల మాట్లాడుతాంది?"
పట్టీలో లేని దానికి రేటెంతని
చాలాసేపు ఆలోచించి, వెయ్యిన్నర అన్నాడు.
అటక మీంచి పుస్తకం దించి
చెదలు తినంగ మిగిలిన పేజీలు చేతికిచ్చినాడు.

నాలుగు నెలలు.
ఉంటే ఇట్ల, లేకుంటే అట్ల. అయ్యేదాకా తిరుగు.
ఆ భాషలో ప్రశ్నగుర్తు పెడితే చాలు
జవాబు తెర మీదికొస్తుంది.
మిల్లులో ప్రశ్న వేస్తే
గేటు చూపిస్తారు.
ఇంకొకటి గూడా నేర్చుకున్నా:
గీత ముందు నక్షత్రం పెడితే
యంత్రం దాన్ని దాటుకొని పోతుంది.
అది మనిషి మనిషికి రాసుకునే మాట.

ఒక మధ్యాహ్నం సావుకారి భోజనానికి పోయినప్పుడు
ఫైలు తెరిచినా.
నూట నలభై మూడో గీత.
నికరాన్ని తొంభై ఎనిమిదితో హెచ్చించు,
వందతో భాగించు.

నాయనా, నీ భుజం.

దాని పైన, నక్షత్రం పెట్టి,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"రాయమన్నాడు, రాసినా. తప్పు నాది గూడా."
పేరు లేదు.
తేదీ ఉంది, నాకన్నా మూడేండ్లు పెద్దది.
ఎవరో గాని,
ఎవరైనా వచ్చి చదువుతారని
ఇన్నేండ్లు ఆ గీత పైన కూర్చోనున్నాడు.

నేను చెరపలేదు.
చెరిపితే సాక్ష్యం పోతుంది.
ఆ లెక్క ముందు గూడా
ఒక నక్షత్రం పెట్టినా. అంతే.

ఈ పొద్దున మొదటి ట్రాక్టరు పెద్దతుంబళం నుంచి.
ఉరుకుందప్ప చీటీ తీసుకొని
దూరంగా పట్టుకొని చూసి, దగ్గరగా పట్టుకొని చూసి
కిటికీ కాడికొచ్చినాడు.
"పాపా, మీ కాటా చెడిపోయినట్లుంది.
ఇంటికాడ తూచినంతే చూపిస్తాంది."

సావుకారి పదింటికి వస్తాడు.
తొమ్మిదిన్నర అయింది.
రెండో బండి కాటా ఎక్కుతాంది.