నలభై ఐదు సెకన్లు

కందుకూరు కోర్టు ప్రహరీకి ఆనుకున్న రేకుల పంచలో
నా టైపు మిషను ఉంటది.
"పై నంబరు దావాలో వాదినైన నేను
ప్రమాణపూర్వకంగా తెలియజేయునదేమనగా..."
ఇరవై రెండేళ్లుగా కొడుతున్నా, కళ్లు మూసుకుని.
"కింది వాటిలో సరికానిది ఏది?"
ఈ పొట్టి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోతంది.

లాసెట్ గైడు ఒంగోలు బస్టాండు ఎదుట
సగం ధరకి దొరికింది.
ఎవరో ముందే పెన్సిలుతో జవాబులు పెట్టేశారు.
అవి తప్పో ఒప్పో తెలీదు,
రబ్బరుతో చెరిపితే కాగితం లేచిపోతంది.

జెరాక్సు ఖాదర్‌వలి నాకు మాస్టారు, పందొమ్మిదేళ్లోడు.
ఎవరిదో ఆధార్ కార్డు తిరగేస్తా అడుగుతాడు:
"అక్కా, ఒక రైలు గంటకి డెబ్బై రెండు కిలోమీటర్లు..."
అబ్బయ్యా, మన ఊరికి రైలే లేదు గదా,
సింగరాయకొండ దాకా ఆటోలో పోయి ఎక్కాల.
ఆ రైలు వంతెన దాటేలోపల గుమస్తా వచ్చి నిలబడతాడు,
"మాలకొండమ్మా, వకాల్తా రెండు కాపీలు, అర్జెంటు."
రైలు ఇంకా వంతెన మీదే ఉంది, పోయిన మంగళవారం నుంచి.

చుట్టరికాల లెక్కలు మాత్రం నాకు నీళ్లు తాగినట్టు.
మా నాన్న అత్తగారి ఒక్కగానొక్క కొడుకు నాకేమవుతాడు?
మేనమామ, ఇంకేంది.
గుడ్లూరు పంపకాల దావా చూడాల మీరు:
రెండో పెళ్లాం, ఒక దత్తత,
చనిపోయిన మూడో ప్రతివాది,
ఆయన వారసులు నాలుగు నుంచి పదకొండు.

కందుకూరు ఏ జిల్లా అని అడక్కపోతే చాలు.
పాత అఫిడవిట్లలో ప్రకాశం, తర్వాతవాటిలో నెల్లూరు.
ఊరు కదల్లేదు,
నా వేళ్లే కదిలాయి.

రాత్రి పదిదాటాక పుస్తకం తెరుస్తా.
తిరుపాలు పొగాకు బేళ్లు మోసొచ్చి ఉంటాడు,
గైడు పేజీలక్కూడా ఆ ఘాటు పట్టింది.
"నలభై రెండేళ్లకి నల్లకోటా, ఈ ఎండల్లో?" అంటాడు.
ఫ్యాను నా వైపు తిప్పి పడుకుంటాడు.

ఒకరోజు ఈ వాక్యం వచ్చింది:
చట్టం తెలియకపోవడం సాకు కాదు.
"బట్టీ పట్టక్కా, మళ్లీమళ్లీ అడుగుతారు" అన్నాడు ఖాదర్‌వలి.
పుస్తకం మూసేశా.
ఉలవపాడు నుంచి వచ్చిన అంకమ్మవ్వ
వేలిముద్రేసి, సిరా కొంగుకి తుడుచుకుంటా
"ఇందులో ఏం రాశావు మే?" అనడిగింది.
కొట్టింది నేనే. మూడు పేజీలు.
చదివి చెప్పబోతే రెండో పేజీలో నాకే అర్థం కాలా.
"నీకు మంచే రాశార్లే అవ్వా" అన్నా.
ఆ మామిడితోట ఇప్పుడెవరిదో
నేను అడగలేదు.

నెట్ సెంటర్లో మాక్ టెస్టు రాశా.
కీబోర్డు చూసి వేళ్లకి ప్రాణం లేచొచ్చింది,
దాన్ని ముట్టుకోగూడదంట, మౌసే పట్టుకోవాలంట.
నూట ఇరవైకి నలభై ఒకటి.
అర్హతకి నలభై రెండు.

నూట ఇరవై ప్రశ్నలు, తొంభై నిమిషాలు,
ఒక్కోదానికి నలభై ఐదు సెకన్లు.
గోడకి లోపల ఒక్కో వాయిదాకి మూడు నెలలు.

హాల్‌టికెట్టులో నా పేరు మాలకొండయ్య అని పడింది.
నా పేరు మీద నేనే అఫిడవిట్ కొట్టుకున్నా,
నా డబ్బుల్తోనే స్టాంపు కాగితం.
సంతకం పెట్టబోయి ఆగి
మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టా.
నలభై ఐదు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.
"వెనక ముగ్గురున్నారక్కా" అంటన్నాడు ఖాదర్‌వలి.
ఉండనీ.